ఫోను మనది, చెవి ఎవరిది?

హైదరాబాదు ఫోన్ ట్యాపింగ్ కేసు 2024 మార్చిలో బయటపడిన నాటి నుంచి పత్రికల్లో నలుగుతూనే ఉంది. ఆ వార్తలు చదివి మనవాళ్ళు చాలామంది అనే మాట ఒకటుంది: “అది పెద్దోళ్ళ గొడవ. వాని ఫోను వీడు విన్నా, వీని ఫోను వాడు విన్నా మనకేం పోయింది? మన ఫోను విని ఎవడు బాగుపడతాడు?” రీలింగు యూనిట్లో ఉడుకునీళ్ళ తొట్టి ముందు పొద్దస్తమానం నిలబడే చెల్లెలు, రైసుమిల్లులో బస్తా మోసే అన్న ఈ మాటంటే తప్పు పట్టడానికేమీ లేదు. కూలి, పీఎఫ్, ఈఎస్ఐ ముందు ఫోను సంగతి చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ శాఖల కార్యదర్శులు కూడా ఇదే మాట అంటున్నారు. అందుకే ఈసారి సంపాదకీయం కూలి రేట్ల మీద కాకుండా ఈ విషయం మీద రాస్తున్నాం.

హైదరాబాదు కేసు సంగతి క్లుప్తంగా ఇది. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి రాష్ట్ర పోలీసుశాఖలో స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో అని ఒక విభాగం ఉంది. 2023 డిసెంబరు 3న తెలంగాణ ఎన్నికల ఫలితాలు వచ్చి ప్రభుత్వం మారింది. మరునాటి రాత్రే ఆ బ్యూరో ఆఫీసులో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఫిర్యాదు మీద 2024 మార్చి 10న పంజగుట్ట పోలీసు స్టేషనులో కేసు కట్టారు. పోలీసు అధికారులే అరెస్టయ్యారు. ప్రతిపక్ష నాయకుల, విలేఖరుల, వ్యాపారుల, ఆఖరికి న్యాయమూర్తుల ఫోన్లు కూడా విన్నారన్నది అభియోగం. ఆ నంబర్లను మావోయిస్టు సానుభూతిపరులవని చూపించి అనుమతులు సంపాదించారన్నది ఇంకో అభియోగం. ఇవన్నీ కోర్టులో రుజువు కావలసినవే.

కార్మికుడు ఈ చివరి అభియోగం దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి. సానుభూతిపరుల జాబితా అని ఒకటి ఉన్నప్పుడు, అందులోకి ఒక ఎమ్మెల్యే పేరు ఎక్కించాలంటే దొంగచాటుగా ఎక్కించాలి. సమ్మె నోటీసు మీద సంతకం పెట్టినవాడి పేరు ఎక్కించడానికి అంత చాటు కూడా అక్కర్లేదు. అడిగేవాడుండడు. ఎమ్మెల్యేకు పార్టీ ఉంది, వకీలు ఉన్నాడు, పత్రిక ఉంది. చార్జిషీటులో తన పేరు చూసుకుని అరవగలడు. మనవాడి నంబరు ఆ జాబితాలో ఎన్నేళ్ళున్నా మనవాడికి తెలియదు.

కర్ణాటకలో ఉన్న మనం హైదరాబాదు వైపు చూసి ముక్కున వేలేసుకోనక్కర్లేదు. ఈ వ్యవహారంలో ముఖ్యమంత్రి కుర్చీయే పోయిన రాష్ట్రం మనది. రామకృష్ణ హెగ్డే 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యాడు. కర్ణాటకలో మొట్టమొదటి కాంగ్రెసేతర ప్రభుత్వం ఆయనది. విలువల రాజకీయం అన్న మాటతో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. 1988లో రాష్ట్ర పోలీసు ఇంటెలిజెన్సు రాజకీయ నాయకుల ఫోన్లూ వ్యాపారుల ఫోన్లూ వింటోందని గగ్గోలు లేచింది. ఫలానా ఫలానా ఫోన్లు ట్యాపు చేయమని ఇంటెలిజెన్సు అధికారి టెలికం శాఖకు రాసినట్టుగా చెప్పే లేఖను సుబ్రహ్మణ్యస్వామి బయటపెట్టాడు. 1988 ఆగస్టు 10న హెగ్డే రాజీనామా చేశాడు. బొమ్మై ముఖ్యమంత్రి అయ్యాడు.

ఇందులో హెగ్డే మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ మనకక్కర్లేదు. ఆ కాగితం ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు వచ్చింది అన్నది చూడాలి. అప్పట్లో ఫోన్లన్నీ కేంద్ర టెలికం శాఖవి. చాకవేలు లాంటి ఊరి నుంచి బెంగుళూరుకు మాట్లాడాలంటే ట్రంకుకాల్ బుక్ చేసి కూర్చోవాలి. ఆపరేటరు ప్లగ్గు పెట్టి కలిపితేనే మాట. ఆపరేటరు వింటాడేమోనని ఇంటి గుట్టు ఎవరూ ట్రంకుకాల్లో మాట్లాడేవారు కాదు. పట్నాల్లోనైతే ఎక్స్ఛేంజీలో ప్రతి చందాదారుడి జత తీగలూ ఒక ఫ్రేముకు వచ్చి చేరతాయి. ఒక ఫోను వినాలంటే ఆ ఫ్రేము దగ్గర ఆ జతకు ఇంకో జత ముడివేసి, వినేవాళ్ళ గదిదాకా లాగాలి. అందుకు పోలీసు కాగితం రాయాలి. ఆ కాగితం ఇంజనీరు చూడాలి. ఆఖరికి ఒక టెక్నీషియన్ చేత్తో ముడి వేయాలి. అంటే పై అధికారి ఎంత రహస్యమన్నా కనీసం నలుగురైదుగురు ఉద్యోగుల కంట పడేది. వాళ్ళకు సంఘాలుండేవి. వాళ్ళలో ఎవరికో ఒకరికి కడుపు మండేది, లేదా రాజకీయం ఉండేది, లేదా ఊరికే నోరాగేది కాదు. ఏదైతేనేం, కాగితం పుట్టేది. పుట్టిన కాగితం ఎప్పుడో ఒకప్పుడు బయటపడేది.

ఇప్పుడు ఆ ముడి వేసే చెయ్యి లేదు. మనం చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంది. ఆటోమేటిక్ రీలింగు మెషిన్ వచ్చినప్పుడు గూటి నుంచి పోగు తీసే చేతులు ఎన్ని పోయాయో మనకు తెలుసు. వినే పనిలోనూ అదే జరిగింది. చేతులతోపాటు సాక్షులు కూడా పోయారు.

ఎలాగో చూడండి. ఈ దేశంలో ఫోను కంపెనీ పెట్టాలంటే కేంద్ర ప్రభుత్వ లైసెన్సు కావాలి. ప్రభుత్వ సంస్థలు అడిగిన ఫోను వినడానికి వీలుగా తన యంత్రాల్లో ఏర్పాటు ఉంచాలన్నది ఆ లైసెన్సు షరతుల్లో ఒకటి. అంటే ఇల్లు కట్టేటప్పుడే దొడ్డి తలుపు పెట్టి కట్టాలి. మొదట్లో ఆ తలుపు తీయాలంటే కంపెనీలో నియమించిన ఒక నోడల్ అధికారికి ఉత్తర్వు చూపించాలి. 2009 నవంబరులో కేంద్రం పార్లమెంటుకు ఒక కొత్త పథకం గురించి చెప్పింది. సెంట్రల్ మానిటరింగ్ సిస్టమ్ అని దాని పేరు. ప్రభుత్వ రంగంలోని సీ-డాట్ తయారు చేసింది. కంపెనీ మనుషుల చెయ్యి పడకుండా, ప్రభుత్వ సంస్థే తనకు కావలసిన నంబరును నేరుగా యంత్రంలోకి ఎక్కించుకునే ఏర్పాటు అది. ఈ సంగతి ప్రభుత్వ ప్రకటనే గొప్పగా చెప్పుకుంది. 2013 నుంచి అమలు మొదలైంది. కంపెనీ ఉద్యోగులు నంబర్లు లీకు చేయకుండా ఉండడానికే ఇది అని ప్రభుత్వం వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. కంపెనీ గుమాస్తాకు మన నంబరు తెలియడం కూడా మనకిష్టం లేదు. కానీ గుమాస్తాను తప్పించినప్పుడు ఆ చోట జడ్జిని కూర్చోబెట్టాలి. ఎవరినీ కూర్చోబెట్టకుండా చోటు ఖాళీగా వదిలేశారు.

ఇక చట్టం సంగతి. 1885లో తెల్లదొరలు టెలిగ్రాఫ్ చట్టం చేశారు. “ప్రజా అత్యవసర పరిస్థితి” గానీ “ప్రజా భద్రత” గానీ ఉంటే సందేశాలను ఆపి చూడవచ్చని దాని 5వ సెక్షను. స్వరాజ్యం వచ్చిన తర్వాత కూడా ఈ అధికారం ఎలా వాడాలో చెప్పే నియమాలు 50 ఏళ్ళదాకా లేవు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 డిసెంబరు 18న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ తీర్పు చెప్పారు. ఫోనులో మాట్లాడుకోవడం మనిషి ఏకాంతంలో భాగమన్నారు. హోం కార్యదర్శి ఉత్తర్వు లేకుండా వినకూడదు, ఉత్తర్వు రెండు నెలలే చెల్లుతుంది, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు, ఉత్తర్వులను ఒక సమీక్షా సంఘం చూడాలి అని నిబంధనలు పెట్టారు. మంచి తీర్పే. కానీ పిటిషనర్ల తరఫు వకీలు గట్టిగా అడిగిన మాట ఒకటుంది: వినకముందే జడ్జి అనుమతి ఉండాలి అని. చట్టంలో లేనిది మేమివ్వలేమని కోర్టు ఆ ఒక్కటీ ఇవ్వలేదు. అప్పటి బ్రిటిష్ చట్టాన్ని కోర్టు నమూనాగా చూసింది. అక్కడా అప్పట్లో జడ్జి లేడు, మంత్రి సంతకమే.

ఆ బ్రిటన్ 2016లో కొత్త చట్టం చేసుకుంది. మంత్రి సంతకం పెట్టినా జడ్జి ఒప్పుకుంటే గాని ఉత్తర్వు చెల్లదని రాసుకుంది. అమెరికాలో 1968 నుంచే జడ్జి వారంటు కావాలి. జర్మనీలో విన్న పని ముగిశాక నీ ఫోను విన్నామని ఆ మనిషికి తెలియజేయాలని చట్టం. మనం 1885 నాటి చట్టాన్ని తీసేసి 2023లో టెలికమ్యూనికేషన్స్ చట్టం చేసుకున్నాం. 2024 డిసెంబరు 6న వినికిడి నియమాలు కొత్తగా ప్రకటించుకున్నాం. పుస్తకం కొత్తది, అట్ట కొత్తది. లోపల మాత్రం అదే హోం కార్యదర్శి, అదే సమీక్షా సంఘం. జడ్జికి చోటు దొరకలేదు.

ఆ సమీక్షా సంఘం అంటే ఎవరు? కేంద్రంలో క్యాబినెట్ కార్యదర్శి, ఆయనతో ఇద్దరు కార్యదర్శులు. రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి, ఆయనతో ఇద్దరు. ఒక కార్యదర్శి ఇచ్చిన ఉత్తర్వును ముగ్గురు కార్యదర్శులు చూస్తారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ పట్టవలసినవాళ్ళు కూడా ఇంటివాళ్ళే. పైగా ఎన్ని చూడాలి? సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ప్రకారం కేంద్ర ప్రభుత్వం ఒక్కటే నెలకు 7,500 నుంచి 9,000 దాకా ఉత్తర్వులు ఇస్తోంది. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ తన నివేదికలో ఈ లెక్క ఎత్తి చూపి, రెండు నెలలకోసారి కూర్చునే సంఘం ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడాల్సి వస్తుందని రాసింది. మనం కూలి లెక్కలు వేసేవాళ్ళం, ఇదీ వేద్దాం. ముగ్గురు పెద్దలూ టీ కూడా తాగకుండా 8 గంటలు కూర్చున్నారనుకోండి. 480 నిమిషాలు. 15,000 ఉత్తర్వులంటే నిమిషానికి 31. శిడ్లఘట్ట మార్కెట్లో పట్టుగూళ్ళ లాటు చూసి ధర కట్టే రీలరు కూడా ఒక్క లాటుకు అంతకంటే ఎక్కువ సేపు తీసుకుంటాడు.

సరే, మాటలు వినడానికి హోం కార్యదర్శి సంతకమైనా కావాలి. మాటలు వినకుండానే మన సంగతంతా తెలుసుకునే దారి ఇంకొకటుంది. యూనియనుకు అసలు ప్రమాదం అక్కడే ఉందని మా అభిప్రాయం. ఎవరు ఎవరికి ఫోను చేశారు, ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఏ టవరు కింద ఉండి చేశారు అన్న చిట్టా ప్రతి ఫోను కంపెనీ దగ్గరా ఉంటుంది. కాల్ డీటెయిల్ రికార్డు అంటారు. ఒక ఏడాది ఉంచాలని ఉన్న షరతును 2021 డిసెంబరులో కనీసం రెండేళ్ళు చేశారు. ఈ చిట్టాకు హోం కార్యదర్శి దాకా పోనక్కర్లేదు. ఎస్పీ స్థాయి అధికారి అడిగితే చాలు.

అందులో మాటలు లేవు కదా అనుకోకండి. ఒక మిల్లులో కొత్తగా యూనియను పెడుతున్నారనుకుందాం. మొదట ఒకతను తాలూకా కార్యదర్శికి ఫోను చేస్తాడు. ఆ రాత్రే నలుగురికి చేస్తాడు. ఆ నలుగురూ తలా పది మందికి. ఆదివారం పొద్దున ఈ నంబర్లన్నీ ఒకే టవరు కింద రెండు గంటలుంటాయి. ఒక్క మాట వినకుండా ఈ చిట్టా చూసినవాడికి యూనియను పుట్టిందని, ఎవరు మూలమని, ఎవరు రెండో వరుస అని, మీటింగుకు ఎవరు రాలేదని కూడా తెలిసిపోతుంది. మనం బీరువాలో తాళమేసి దాచుకునే సభ్యత్వ రిజిస్టరు అదే. యాజమాన్యానికీ స్టేషనుకూ మధ్య రాకపోకలు ఎలా ఉంటాయో మిల్లు కార్మికుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన సరిహద్దు ఊళ్ళవాళ్ళకు ఇంకో చిక్కు. బాగేపల్లి తాలూకాలో గట్టు దిగితే ఫోను ఆంధ్ర టవరును పట్టుకుంటుంది, గట్టెక్కితే కర్ణాటక టవరును. ఇంట్లో మంచం మీద పడుకున్న మనిషి టవరు చిట్టాలో రెండు రాష్ట్రాల్లో కనిపిస్తాడు. దాన్ని చూసి పరారీలో ఉన్నాడని ఎవరైనా రాసుకుంటే, కాదని చెప్పడానికి పాపం అతనికి ఇంటి గోడలే సాక్షి.

కోలారు జిల్లా నరసాపురలో 2020 డిసెంబరు 12న జరిగింది గుర్తుందా? ఐఫోన్లు తయారుచేసే విస్ట్రాన్ ఫ్యాక్టరీలో కూలి సరిగా ఇవ్వలేదని కాంట్రాక్టు కార్మికుల ఆగ్రహం విధ్వంసంగా మారింది. వందమందికి పైగా అరెస్టయ్యారు. తర్వాత రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ విచారణలోనే అక్కడ కార్మిక చట్టాలు ఉల్లంఘించారని తేలింది. అలాంటి రోజున టవరు చిట్టా తీస్తే గేటు దగ్గరున్న ప్రతి ఫోనూ అందులో ఉంటుంది. రాయి విసిరినవాడూ ఉంటాడు, వద్దురా అని చెయ్యి పట్టుకున్నవాడూ ఉంటాడు, రాత్రి షిఫ్టు చేసి ఇంటికి పోతున్నవాడూ ఉంటాడు. ఎవరు ఏం చేశారో టవరు చెప్పదు.

“తప్పు చేయనివాడికి భయమెందుకు?” అని అడిగేవాళ్ళుంటారు. ఈ ప్రశ్నకు జవాబు మనకంటే ముందు టాటాలు చెప్పారు. నీరా రాడియా అనే ప్రజాసంబంధాల వ్యాపారి ఫోన్లను ఆదాయపు పన్ను శాఖ 2008, 2009లలో రికార్డు చేసింది. పన్నుల విచారణకని తీసిన ఆ టేపులు 2010లో పత్రికలకు ఎక్కాయి. అందులో తన మాటలు కూడా ఉన్నాయని, తన గోప్యతకు భంగం కలిగిందని రతన్ టాటా ఆ ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. తట్టడంలో తప్పులేదు, అది ఆయన హక్కు. కానీ దేశంలోని అంత పెద్ద సంపన్నుడికి తన మాటలు నలుగురి నోళ్ళలో పడకూడదన్న హక్కు ఉన్నప్పుడు, చరఖా తిప్పేవాడికి అది ఎందుకు లేదు? తప్పుకూ దీనికీ సంబంధం లేదు. వేతన చర్చలకు కూర్చున్నప్పుడు మనం 25 శాతం అడుగుతాం. మన కమిటీ లోపల 14 దగ్గర ఒప్పుకుందామని అనుకుంటాం. ఇందులో నేరమేముంది? కానీ ఆ 14 యాజమాన్యం చెవిన పడితే, 14కు ఒక్క పైసా ఎక్కువ ఎందుకిస్తాడు?

ఈ హక్కును గుర్తించమని పోరాడి సాధించిన పెద్దమనిషి కూడా మన కర్ణాటక వాడే. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి 2012లో, 86 ఏళ్ళ వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకు పోయాడు. గోప్యత అనే హక్కే రాజ్యాంగంలో లేదని కేంద్రం వాదించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకకంఠంతో అది ప్రాథమిక హక్కు అన్నారు. 2024 అక్టోబరులో బెంగుళూరులో కన్నుమూసేదాకా ఆయన పేరు చట్టం పుస్తకాల్లో ప్రతి నిఘా కేసులోనూ వినబడుతూనే వచ్చింది.

దొంగలను పట్టొద్దని మనం అనడం లేదు. ఓటీపీ అడిగి మన చెల్లెళ్ళ జీతం డబ్బులు ఊడ్చుకుపోయేవాడిని పట్టాలంటే ఫోను చిట్టా కావాలి. పిల్లలు తప్పిపోయినా కావాలి. ఆ పని పోలీసు చేయాలి, తొందరగా చేయాలి. మనం అడిగేది ఎవరి సంతకంతో అని, తర్వాత ఎవరికి లెక్క చెబుతారని.

కోర్టులు అక్కడక్కడా చెంపపెట్టు పెడుతూనే ఉన్నాయి. 2019 అక్టోబరు 22న బొంబాయి హైకోర్టు ఒక లంచం కేసులో ముంబై వ్యాపారి ఫోను వినమన్న మూడు ఉత్తర్వులను కొట్టేసి, రికార్డులు ధ్వంసం చేయమంది. 2025 జూలై 2న మద్రాసు హైకోర్టు ఒక కంపెనీ అధిపతి ఫోను మీద 2011లో ఇచ్చిన ఉత్తర్వును కొట్టేసింది. నేరం ఉందేమో చూద్దామని రహస్యంగా ఫోను వినడానికి ఆ చట్టం ఒప్పుకోదని, ప్రజా అత్యవసరం గానీ ప్రజా భద్రత గానీ కంటికి కనబడేలా ఉండాలని చెప్పింది. ఇద్దరికీ న్యాయం జరిగింది. ఇద్దరికీ ఆ సంగతి ఎలా తెలిసింది? కేసు పెట్టారు కాబట్టి, టేపులు కోర్టుకు వచ్చాయి కాబట్టి. విని, కేసు పెట్టకుండా వదిలేసినవాళ్ళ మాటేమిటి? వాళ్ళకు ఈ జన్మలో తెలియదు. తెలియనివాడు కోర్టుకు పోలేడు.

ఇంకో సంగతి. దొడ్డి తలుపు దారోగా కోసం పెట్టినా, దాని గుండా దారోగా ఒక్కడే వస్తాడన్న నమ్మకం లేదు. గ్రీసు దేశంలో 2004 ఒలింపిక్స్ రోజుల నుంచి 2005 మార్చి దాకా ప్రధానమంత్రి కరమన్‌లిస్‌తో సహా వందమందికి పైగా పెద్దల సెల్‌ఫోన్లు ఎవరో విన్నారు. వోడాఫోన్ కంపెనీ ఎక్స్ఛేంజీల్లో పోలీసుల కోసమని తయారుచేసిన వినికిడి ఏర్పాటునే ఎవరో గుట్టుగా మేల్కొలిపి వాడుకున్నారు. విషయం కంపెనీకి తెలిసిన రోజుల్లోనే, 2005 మార్చి 9న, ఆ నెట్‌వర్కులో పనిచేసే ఇంజనీరు ఒకతను తన ఇంట్లో ఉరికి వేలాడుతూ కనిపించాడు. చివరికి ఇక్కడ కూడా బలైంది ఉద్యోగే.

అమెరికా సంగతి ఇంకా విడ్డూరం. వినడానికి వీలుగానే నెట్‌వర్కులు కట్టాలని 1994లో అక్కడ చట్టం చేశారు. ఆ తలుపులు దొంగలకూ పనికొస్తాయని ఇంజనీర్లు మొత్తుకున్నా వినలేదు. 2024 నవంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థలే ప్రకటించాయి: చైనాకు చెందిన చొరబాటుదారులు అనేక ఫోను కంపెనీల్లో దూరి జనం కాల్ చిట్టాలు ఎత్తుకుపోయారని, కోర్టు ఉత్తర్వుల మీద పోలీసులు అడిగిన సమాచారం కూడా కొంత కాపీ చేసుకున్నారని. పోలీసు ఎవరి మీద కన్నేశాడో ఆ సంగతే పరాయివాడికి తెలిసిపోయింది. తర్వాత డిసెంబరులో ఆ ప్రభుత్వమే తన పెద్ద అధికారులకు, మామూలు ఫోను మాటలు మానేసి గుప్తలిపి యాప్‌లలో మాట్లాడుకోండని సలహా చెప్పింది. అన్ని కంపెనీలను, అంత డబ్బును, అంత తెలివిని పెట్టుకున్న అమెరికాలో నిలవని తాళం మన దగ్గర నిలుస్తుందా?

ప్రభుత్వాలు వెనక్కి తగ్గవని నిరాశపడనక్కర్లేదు. 2025 నవంబరు 28న కేంద్ర టెలికం శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. దేశంలో అమ్మే ప్రతి కొత్త ఫోనులోనూ సంచార్ సాథీ అనే ప్రభుత్వ యాప్ ముందే వేసి ఇవ్వాలని, 90 రోజులు గడువని. పోయిన ఫోను వెతకడానికి, మోసాలు ఆపడానికి అన్నారు. మంచి పనికైతే మనమే వేసుకుంటాం, బలవంతమెందుకని దేశమంతా అడిగింది. వారం తిరగకముందే, డిసెంబరు 3న, ఆ తప్పనిసరి షరతును ఉపసంహరించుకున్నారు. అది కంటికి కనిపించే యాప్ కాబట్టి జనం చూసి అరిచారు. ఎక్స్ఛేంజీ లోపలున్న తలుపు కంటికి కనబడదు, అందుకే దాని గురించి అరవడం కూడా మనం నేర్చుకోవాలి.

శాఖలు చేయవలసిన పని ఇది. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం పెట్టి చర్చించండి. ఫోను వినాలన్నా, కాల్ చిట్టా తీయాలన్నా జడ్జి అనుమతి ఉండాలని, పని ముగిశాక ఆ మనిషికి తెలియజేయాలని, ఏడాదికి ఎన్ని ఉత్తర్వులిచ్చారో కర్ణాటక ప్రభుత్వం శాసనసభ ముందు లెక్క పెట్టాలని తీర్మానం రాయండి. పేర్లు అడగడం లేదు, సంఖ్య మాత్రమే. దానికి భద్రత అడ్డొచ్చేదేమీ లేదు. తీర్మానం ప్రతిని మన ఎమ్మెల్యేకు, చిక్కబళ్ళాపురం ఎంపీకి చేతికిచ్చి రశీదు తీసుకోండి.

ఈలోగా మన జాగ్రత్త మనం పడాలి. వేతన చర్చల అంకెలు ఫోనులో మాట్లాడొద్దు, కమిటీ కూర్చున్న చోటే మాట్లాడండి. సభ్యత్వ రిజిస్టరు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపే అలవాటు కొన్ని శాఖల్లో ఉంది, వెంటనే మానేయాలి. వాట్సాప్ మాటలకు గుప్తలిపి ఉన్న మాట నిజమే. కానీ గ్రూపులో సూపర్‌వైజరు బావమరిది ఉంటే ఏ గుప్తలిపీ అక్కరకు రాదు. మూడు నెలలకోసారి గ్రూపులో ఎవరున్నారో పేరు పేరునా చూసి, మిల్లు మానేసినవాళ్ళ నంబర్లు, ఎవరిదో తెలియని నంబర్లు తీసేయండి. గేటు దగ్గర ఫోను అప్పజెప్పమంటే లాకు వేసి, స్విచ్చాఫ్ చేసి ఇవ్వండి. లాకు తీసి చూపించమనే హక్కు ఏ మేనేజరుకూ లేదు. పోలీసులు ఫోను తీసుకుంటే ఏ కేసులో తీసుకుంటున్నారో రాసిన కాగితం, స్వాధీనం చేసుకున్నట్టు పంచనామా నకలు అడిగి తీసుకోండి. ఇవ్వనంటే ఆ తేదీ, సమయం, అధికారి హోదా రాసి పెట్టుకుని, అదే రోజు తాలూకా ఆఫీసుకు మనిషిని పంపండి.